నేటాల్ వెళ్ళిన పూర్వీకుణ్ణి వెతకాలంటే ఇంటిపేరు కాదు, తండ్రి పేరు, ఊరు, తాలూకా కావాలి

మీ ముత్తాతగారి అన్న 1890 ప్రాంతంలో విశాఖపట్నం జిల్లా నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్ళి తిరిగి రాలేదనీ, ఆయన సంతతి జాడ ఇప్పుడు దొరుకుతుందా అనీ, వంశవృక్షాల విదేశీ సైట్లలో డబ్బు కట్టి చేరాలా అనీ అడిగారు. జాడ దొరికే అవకాశం బాగానే ఉంది. డబ్బు మాత్రం ఇప్పుడే కట్టకండి. మా ముత్తాతగారి తమ్ముడు కూడా అలాగే ఓడెక్కారు. ఆయన మునిమనవలు డర్బన్ శివార్లలో ఉన్నారు, ఇప్పుడు మాకు రాకపోకలున్నాయి. వాళ్ళను చేరుకున్న దారి చెబుతాను.

ముందు ఇంట్లో చెప్పుకునే కాలం, దేశం ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూసుకోండి. నేటాల్‌కు ఒప్పంద కూలీల (కొన్నేళ్ళు పనిచేస్తామని ఒప్పందం రాసి వెళ్ళినవాళ్ళ) తొలి ఓడ ట్రూరో 1860 అక్టోబరు 12న మద్రాసులో బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. చివరి ఓడ 1911లో వెళ్ళింది. నడుమ 1866 నుంచి 1874 దాకా ఈ వలస ఆగిపోయింది. కాబట్టి ఎవరైనా 1870లో వెళ్ళారంటే నేటాల్ కంటే మారిషస్ వైపు చూడటం మంచిది. ఫిజీకి మద్రాసు నుంచి ఓడలు నడిచింది 1903 నుంచి 1916 వరకే. రంగూన్ వెళ్ళినవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు ఈ ఒప్పందాల కింద వెళ్ళలేదు కనుక ఒప్పంద కూలీలకు రాసినలాంటి ఓడ జాబితాలు వాళ్ళకు లేవు. మీరు చెప్పిన 1890 నేటాల్‌కు చక్కగా సరిపోతుంది.

నేటాల్‌కు మొత్తం 1,52,184 మంది వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచి వెళ్ళినవాళ్ళే. ఓడ ఓడకూ రాసిన ఆ జాబితాలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. డర్బన్‌లోని క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయానికి చెందిన గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ వాటిని ఉచితంగా అందుబాటులో పెట్టింది. మీ వెతుకులాట అక్కడే మొదలుపెట్టండి.

ఆ జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస. ముందు కలోనియల్ నంబరు (ఒక్కో కూలీకి ఇచ్చిన విడి నంబరు), తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది గుర్తులు, చివర ఏ యజమాని దగ్గరికి పంపారో ఆ వివరం. ఇంటిపేరుకు గడి లేదు. మన తెలుగువాళ్ళు మొదట తడబడేది ఇక్కడే. మనకు ఇంటిపేరే వంశానికి ఆధారం, జాబితా రాసిన గుమాస్తాకు మాత్రం దానితో పని లేదు. అక్కడ పుట్టిన పిల్లలకు తరచుగా తండ్రి పేరో తాత పేరో ఇంటిపేరు స్థానంలోకి వచ్చింది. నాయుడు, రెడ్డి వంటివీ అలాగే స్థిరపడ్డాయి. డర్బన్‌లో మీ ఇంటిపేరు కోసం వెతికితే ఎవరూ దొరక్కపోవడానికి కారణం అదే.

పేర్ల రాత గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి. అప్పలస్వామి అనే పేరు జాబితాల్లో అపలసామి, అప్పల్‌సామి, అపల్‌సమీ అంటూ ఎన్నో తీర్లుగా కనిపిస్తుంది. కాబట్టి పేరు మొత్తం కొట్టి వెతకవద్దు. మొదటి మూడు నాలుగు అక్షరాలు మాత్రం ఇచ్చి, జిల్లా, తండ్రి పేరు జోడించి వడపోయండి. అప్పన్న, సింహాద్రి, సన్యాసి, పైడితల్లి లాంటి పేర్లు వరుసగా తగులుతున్నాయంటే మీరు సింహాచలం చుట్టుపక్కల ఊళ్ళలోనే ఉన్నట్టు లెక్క. జిల్లా గడి ఖాళీగా ఉన్నా ఈ పేర్లే దారి చూపిస్తాయి.

ఊరి పేర్లతో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లీపట్నం అంటే భీమిలి, ఎల్లోర్ అంటే ఏలూరు అని చాలామందికి తెలుసు. గంజాం జిల్లా అని కనిపించగానే ఒడిశా అనుకుని వదిలేసేవాళ్ళు మాత్రం ఎక్కువ. 1936 వరకు శ్రీకాకుళం ప్రాంతం గంజాం జిల్లాలోనే ఉండేది. అలాగే 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మీ జిల్లాలోనే మరొకటి ఉంది: గోల్గొండ తాలూకా. దాన్ని హైదరాబాదు గోల్కొండ అనుకుని నిజాం రాజ్యంలో ఊరు వెతుకుతున్నవాళ్ళు నాకు తెలుసు. అది నర్సీపట్నం వైపు గొలుగొండ. ఇలాంటి చిక్కులు విడదీయడానికి 1907లో ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీర్ (జిల్లా వివరాల గ్రంథం) బాగా ఉపయోగపడుతుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతుంది. తాలూకాల వారీగా వివరాలున్న చివరి భాగం చదవండి.

ఇక ఒకే పేరుతో పది ఊళ్ళుంటాయి. కొత్తూరు, రామాపురం, వెంకటాపురం లేని తాలూకా మన దగ్గర ఏది? అలాంటప్పుడు మీ మనిషి వరుస ఒక్కటే చూసి ఆగకండి, దానికి పైనా కిందా ఉన్న వరుసలు చదవండి. మా ముత్తాతగారి తమ్ముడు మరో ఇద్దరు ఊరివాళ్ళతో కలిసి వెళ్ళారని మా నాయనమ్మ చెప్పేది. జాబితాలో ఆయన నంబరు వెంటనే, ఆ తర్వాతి రెండు నంబర్ల మీద, అదే ఊరివాళ్ళు ఇద్దరు ఉన్నారు. అందులో ఒకరి తండ్రి పేరు మా పక్కింటివాళ్ళ పెద్దల పేరే. ఊరు ఏ తాలూకాదో అక్కడితో తేలిపోయింది. ఒక్క పేరు కలవడం కాకతాళీయం కావచ్చు, వరుసగా ముగ్గురు కలిస్తే అలా అనుకోలేం.

కలోనియల్ నంబరు దొరికాక అటువైపు వెతకడం తేలికవుతుంది. పెళ్ళి, పిల్లల పుట్టుక వంటి నమోదుల్లో ఈ నంబరు వెంట వస్తుంటుంది. లేటర్ డే సెయింట్స్ చర్చి నడిపే ఫ్యామిలీసెర్చ్ సైట్లో ఉచితంగా ఖాతా తెరిచి నేటాల్ మరణ నమోదులు, ఆస్తి పత్రాల నకళ్ళు చూడండి. దక్షిణాఫ్రికాలో చనిపోయినవారి ఆస్తి పత్రాలతోపాటు దాఖలు చేసే మరణ ప్రకటనలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన చోటు, పిల్లల పేర్లు ఉంటాయి. పిల్లల పేర్లు ఒకచోట దొరికే కాగితం ఇదే, తరతరానికీ దీన్ని పట్టుకునే ముందుకు రావాలి. పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో భారతీయ వలస శాఖ దస్త్రాలున్నాయి. తోట యజమాని మీద కూలీలు పెట్టుకున్న ఫిర్యాదులు కూడా వాటిలో ఉన్నాయి. చదువుతుంటే గుండె బరువెక్కుతుంది, అయినా చదవండి. ఆ మనిషి ఎలా బతికాడో ఓడ జాబితా చెప్పదు.

ఇటువైపు ఆధారాలు కూడా కావాలి. మా ఊరు సర్వసిద్ధి తాలూకా, అది జమీందారు కింద కాక నేరుగా ప్రభుత్వం కింద ఉన్న తాలూకా కనుక పాత సెటిల్‌మెంటు (భూమి శిస్తు నిర్ణయించిన) రిజిస్టర్లలో పట్టాదారుల పేర్లు దొరికాయి. జమీందారీ గ్రామమైతే అంత పాత ప్రభుత్వ రికార్డుల్లో రైతు పేరు దొరకడం కష్టం. 1948 ఎస్టేట్ల (జమీందారీల) రద్దు చట్టం తర్వాతి రికార్డులు, పాత క్రయ దస్తావేజులు చూడాలి. ఇనాం భూమి ఉన్న కుటుంబమైతే 1860ల నాటి ఇనాం రిజిస్టర్లు అడగండి. వాటిలో ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల) సంవత్సరం ఉంటే 590 కలపండి, ఫసలీ 1300 అంటే 1890-91.

డబ్బు తీసుకునే సైట్ల గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. యూరప్ కుటుంబాలకు అవి బాగా పనికొస్తాయి, మన కూలీ పూర్వీకుల విషయంలో వాటి అవసరం తక్కువ. ఇతరులు కట్టిన వంశవృక్షాలను ఆధారం చూడకుండా మీ దాంట్లో అతికించుకోకండి. డీఎన్ఏ పరీక్ష దూరపు బంధువును చూపించగలదు గానీ ఊరి పేరు చెప్పలేదు. అదీ ఇటువైపు బంధువులు కూడా అదే సంస్థలో పరీక్ష చేయించుకుని ఉంటేనే.

చివరగా మనుషులతో మాట్లాడే తీరు. అక్కడి కుటుంబం దొరికిందనగానే మా ఊళ్ళో కొందరు దాయాదులు మౌనం వహించారు, పొలంలో వాటా అడుగుతారేమోనని వాళ్ళ భయం. అటువాళ్ళు కోరిందల్లా పెద్దలు మొక్కుకున్న గుడి చూడాలని. ఆ మాట ముందుగా చెప్పాక అందరూ కలిసొచ్చారు. అక్కడి పెద్దావిడను నేను మా ఇంటిపేరు చెప్పకుండా, మీ ఇలవేలుపు ఎవరని, పెళ్ళి సంబంధాలు చూసేటప్పుడు ఏ ఇంటిపేరు చెప్పుకునేవారని మాత్రమే అడిగాను. ఆవిడే మా ఇంటిపేరు చెప్పింది. మీరూ అలాగే అడగండి. మీ నోటి నుంచి ముందే జవాబు వినిపిస్తే, ప్రేమ కొద్దీ అవుననేస్తారు. అప్పుడది సాక్ష్యం కాదు.

మీ ముత్తాతగారి తండ్రి పేరు, ఊరు, పాత తాలూకా తెలిస్తే ఇక్కడ రాయండి. సర్వసిద్ధి, గొలుగొండ వైపు ఊళ్ళయితే జాబితాలో ఏ రాతలో ఉండవచ్చో నేను చూసి చెబుతాను.