తాండూరు అమ్మాయికి తెలంగాణ జాగ్రఫీ ఎందుకు?

ప్రశ్న: సార్, మాది తాండూరు. మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ సెకండియర్. ఎలక్టివ్‌గా తెలంగాణ జాగ్రఫీ తీసుకుంటా అంటోంది. పుట్టి పెరిగిన రాష్ట్రం గురించి మళ్లీ ఫీజు కట్టి చదివేదేముంది, డిజిటల్ మార్కెటింగ్ తీసుకో అంటే వినట్లేదు. మీరేమంటారు?

నమస్తే సార్. ముందే చెప్పేస్తా, ఈ ఒక్క కోర్సు చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వరు, ఆ లెక్కన మీ డౌట్ కరెక్టే. కానీ ఆ మాటకొస్తే ఒక సెమిస్టర్ డిజిటల్ మార్కెటింగ్ చూసి కూడా ఎవరూ ఇవ్వరు, అది కావాలంటే సెలవుల్లో ఇంట్లో కూర్చుని ఫోన్‌లో నేర్చుకోవచ్చు.

పుట్టి పెరిగిన చోటే కదా, కొత్తగా తెలిసేదేముంది అన్నారు చూడండి, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. మీ దగ్గర నుంచే అడుగుతా. వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల మీద వాన పడితే ఆ నీళ్లు ఎటు పోతాయి? ఎవరిని అడిగినా మూసీ అంటారు. నిజమే, తూర్పు వైపు పడ్డవి మూసీ అయ్యి గండిపేటకి వచ్చి, సిటీ మురికంతా మోసుకుని నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. మరి పడమటి వైపు పడ్డవి? మీ ఊరి పక్కన పారే కాగ్నాలోకి. అవి కర్ణాటకలోకి పోయి భీమాలో కలిసి, ఆ భీమా కృష్ణలో కలిసి, నారాయణపేట జిల్లా దగ్గర మళ్లీ మన రాష్ట్రంలోకే వస్తాయి. అంటే ఒకే గుట్ట మీద పక్కపక్కన పడ్డ రెండు చుక్కల్లో ఒకటి హైదరాబాద్ చూసి, ఇంకొకటి పక్క రాష్ట్రం తిరిగి జూరాల, శ్రీశైలం, సాగర్ దాటి (మధ్యలో ఏ కాలవలోకో పోకుండా మిగిలితే) చివరికి వాడపల్లిలో కలుసుకుంటాయి అన్నమాట. నేను కూడా ఇది చదివి తెలుసుకున్నదే, వికారాబాద్ మీదుగా ఎన్నిసార్లు రైల్లో పోయానో లెక్క లేదు, ఒక్కసారి కూడా తట్టలేదు.

ఇంకా మీ ఇంట్లో నేల మీద పరిచిన బండలు చూడండి, తాండూరు నాపరాయే అయ్యుంటుంది. ఆ సున్నపురాయి ఉంది కాబట్టే చుట్టూ సిమెంట్ ఫ్యాక్టరీలు, ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టే లారీలు, లారీలు ఉన్నాయి కాబట్టే ఆ రోడ్ల మీద దుమ్ము. మీ కందిపప్పుకి 2022లో జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ప్రాంతం సరుకే అనే గుర్తింపు) వచ్చింది కదా, దాని వెనక కూడా ఆ నల్లరేగడీ, కింద ఉన్న ఆ సున్నపురాయే. రాయి, మట్టి, పంట, రోడ్డు అన్నీ ఒకే దారానికి గుచ్చి చెప్పే సబ్జెక్ట్ ఇది. అలా చెప్పగలిగితేనే.

ఇప్పుడు అసలు సంగతి, ఎగ్జామ్స్. గ్రూప్ 2లో జనరల్ స్టడీస్ పేపర్‌లో తెలంగాణ జాగ్రఫీ ఉంటుంది, గ్రూప్ 1 మెయిన్స్‌లో అయితే హిస్టరీ, కల్చర్, జాగ్రఫీ కలిపి 150 మార్కులకి ఒక పేపరే ఉంది. నా దగ్గరికి వచ్చే పిల్లలు 1,12,077 చదరపు కిలోమీటర్లు, 33 జిల్లాలు అని గడగడా చెప్తారు. 2014లో 10 ఉన్నవి 2016 అక్టోబర్‌లో 31 అయ్యి, 2019లో ములుగు, నారాయణపేటతో 33 అయ్యాయి, అదీ చెప్తారు. బానే ఉంది. కానీ నల్గొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఎందుకొచ్చింది రా అంటే మౌనం. అక్కడి గ్రానైట్ రాళ్లలోనే ఫ్లోరైడ్ ఉంది, వానలు తక్కువ, బోర్లు లోతుకి పోయేకొద్దీ రాయిలో చాలాకాలం నానిన నీళ్లు పైకొస్తాయి, ఇంతే కదా జవాబు. మొన్న ఒక మాక్ ఇంటర్వ్యూలో ఒకబ్బాయిని మీ ఊరి చెరువు అలుగు పారితే నీళ్లు ఏ చెరువులోకి పోతాయి అనడిగా. కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి పెద్ద వ్యాసమే అప్పజెప్పాడు గానీ సొంతూరి చెరువు కింద ఏ చెరువుందో తెలీదు పాపం.

కాబట్టి నా మాట, తీసుకోనివ్వండి, కానీ ఒక షరతు. కోర్సు పేరు కాదు, ఆ క్లాస్ ఎవరు చెప్తున్నారో చూడాలి. సీనియర్స్‌ని అడగమనండి, సెమిస్టర్ మొత్తంలో ఒక్క మ్యాప్ అయినా చేత్తో గీయించారా, టోపోషీట్ (గుట్టలు, వాగులు, ఊళ్లు అన్నీ వివరంగా ఉండే మ్యాప్) ముందు పెట్టి చదివించారా, ఎక్కడికైనా ఫీల్డ్ విజిట్‌కి తీసుకెళ్లారా అని. మూడింటికీ లేదు అనే వస్తే, నోట్స్ చెప్తూ పోతే రాసుకునే క్లాసే అయితే, వద్దు, ఆ మాత్రం మెటీరియల్ కోఠీలో కొనుక్కుంటే సరిపోతుంది. అది కూడా చూసి కొనాలి, 10 జిల్లాల మ్యాప్ ఉన్న పాత పుస్తకాలు ఇంకా తిరుగుతున్నాయి.

అమ్మా, ఇది నీకు. కోర్సుతో పాటు క్యూజీఐఎస్ నేర్చుకో, కంప్యూటర్‌లో మ్యాపులు తయారు చేసే ఫ్రీ సాఫ్ట్‌వేరే, మామూలు లాప్‌టాప్‌లో నడుస్తుంది. డెహ్రాడూన్‌లో ఇస్రో వాళ్ల ట్రైనింగ్ సంస్థ ఐఐఆర్ఎస్ ఉంది, వాళ్లు రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ ఫొటోలతో నేలని చదవడం), జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల పని) మీద ఆన్‌లైన్‌లో ఉచితంగా క్లాసులు పెడతారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. మన బాలానగర్‌లో ఉన్న ఇస్రో సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ వాళ్ల భువన్ పోర్టల్‌లో శాటిలైట్ మ్యాపులు ఉంటాయి, అందులో కాగ్నా పట్టుకుని మీ మండలం చెరువులన్నీ ఒక మ్యాప్ మీద పెట్టు. మార్కుల మెమో కంటే ఆ ఒక్క మ్యాపే రేపు ఇంటర్వ్యూలో నీ తరఫున ఎక్కువ మాట్లాడుతుంది. ఇష్టం పెరిగితే సీపీగెట్ (పీజీ ఎంట్రన్స్) రాసి ఉస్మానియాలో పీజీ జాగ్రఫీ చూడొచ్చు, కానీ ఒక్క ఎలక్టివ్‌తో ఎలిజిబిలిటీ వస్తుందని అనుకోవద్దు, నోటిఫికేషన్ చదువు. బీఈడీ చేసి సోషల్ టీచర్ అవుదామన్నా జాగ్రఫీ ఎలాగూ చెప్పాల్సిందే.

సార్, ఇంకో చిన్న పని. రెండు కోర్సుల సిలబస్ పేపర్లు మీ అమ్మాయితో వాట్సాప్‌లో పంపించుకుని ఒకసారి చూడండి, అలాగే ఎలక్టివ్ మార్చుకోవడానికి లాస్ట్ డేట్ ఎప్పుడో కాలేజీ ఆఫీసులో కనుక్కోమనండి. ఆ లోపు రెండు క్లాసులకీ రెండు మూడు రోజులు వెళ్లి కూర్చుంటే ఏది ఉంచుకోవాలో తనకే తెలిసిపోతుంది.