ఎండోస్కోపీ నార్మల్.. అయినా రక్తం పోతోంది! రేడియేషన్ లేని పరీక్ష ఉందా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు రెండేళ్లుగా పెయిన్ కిల్లర్లు వాడుతున్నారు. ఈమధ్య రెండుసార్లు విరేచనం తారులా నల్లగా అయ్యింది. హిమోగ్లోబిన్ 7.2కు పడిపోతే రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ నార్మల్. ఇప్పటికే రెండు సీటీ స్కాన్లు తీశారు. రేడియేషన్ లేకుండా రక్తం ఎక్కడ పోతోందో తెలుస్తుందా?

సలహా: తెలుస్తుంది. ఎండోస్కోపీ గొట్టం చిన్నపేగు మొదట్లోనే, కొలనోస్కోపీ గొట్టం దాని చివర్లోనే ఆగిపోతాయి. మధ్యలో మీటర్ల కొద్దీ పేగు చూడకుండా మిగిలిపోతుంది. దాన్ని చూసేదే క్యాప్సూల్ ఎండోస్కోపీ. సుమారు 26 మి.మీ. పొడవు, 11 మి.మీ. మందం ఉండే క్యాప్సూల్‌ను మింగితే, అది 8 నుంచి 12 గంటల పాటు ఫొటోలు తీసి నడుముకు కట్టిన రికార్డరుకు పంపుతుంది. ఎక్స్‌రే కిరణాలుండవు, మత్తు అక్కర్లేదు.

అయితే మీ నాన్నగారి విషయంలో ఒక జాగ్రత్త ముఖ్యం. ఏళ్ల తరబడి పెయిన్ కిల్లర్లు వాడితే చిన్నపేగులో పుండ్లు పడి, అవి మానేటప్పుడు పేగు ఉంగరంలా బిగుసుకుపోవచ్చు. అక్కడ క్యాప్సూల్ ఇరుక్కుంటే ఆపరేషన్ దాకా వెళ్లొచ్చు. పేగు టీబీ, క్రోన్స్ జబ్బు (పేగు దీర్ఘకాలం వాచిపోయే జబ్బు), పాత పొట్ట ఆపరేషన్లు ఉన్నవారికీ ఈ ముప్పు ఉంది. తిన్నాక పొట్ట ఉబ్బి మెలిపెట్టినట్టు నొప్పి వస్తోందా? వస్తుంటే ముందు దారి ఇరుకుగా ఉందో లేదో తేల్చే, కరిగిపోయే పేటెన్సీ క్యాప్సూల్‌తో గానీ, ఎమ్మార్ ఎంటెరోగ్రఫీ (చిన్నపేగుకు తీసే ఎమ్మారై స్కాన్)తో గానీ దారి చూడాలి. రెండోదానికీ రేడియేషన్ లేదు. కానీ పేగు గోడలోని చిన్న రక్తనాళాల లోపాలు అందులో సాధారణంగా కనిపించవు. అది నార్మల్ వచ్చిందని అక్కడితో ఆగొద్దు. క్యాప్సూల్ మింగాక మాత్రం, అది బయటికొచ్చేదాకా ఎమ్మారై తీయకూడదు.

ఐరన్ మాత్రలు వారం ముందే ఆపాలి. లేదంటే నల్లటి మడ్డి పేగు గోడను కప్పేస్తుంది. ముందురోజు పలుచటి ద్రవాలే తీసుకుని, డాక్టర్ చెప్పినట్టు పేగు శుభ్రపడే మందు (సాధారణంగా రెండు లీటర్లు) తాగాలి. 10-12 గంటలు ఏమీ తినకూడదు. మింగిన రెండు గంటలకు నీళ్లు, నాలుగు గంటలకు తేలికపాటి టిఫిన్ ఇవ్వొచ్చు. రెండు వారాలైనా క్యాప్సూల్ విరేచనంలో కనిపించకపోతే ఒక పొట్ట ఎక్స్‌రే తప్పదు.

మళ్లీ నల్ల విరేచనం మొదలైతే ఐరన్ వారం ముందే ఆపాలన్న లెక్క పక్కన పెట్టండి. రక్తం పోతుండగా, వీలైతే 48 గంటల్లోపు చేసినప్పుడే మూలం దొరికే అవకాశం ఎక్కువ. క్యాప్సూల్ చూపిస్తుందే గానీ వైద్యం చేయదు. లోపం కనిపిస్తే బెలూన్ ఎంటెరోస్కోపీ (బెలూన్ సాయంతో చిన్నపేగు లోపలిదాకా వెళ్లే గొట్టం)తో అక్కడికి చేరి, మాడ్చి రక్తం ఆపుతారు.

ఎర్రటి రక్తం ధారగా పోయినా, కళ్లు తిరిగి పడిపోయినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. అక్కడ సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే సీటీ స్కాన్) రాస్తే రేడియేషన్ భయంతో వద్దనకండి. ఈ వయసులో దానికంటే రక్తం పోవడమే పెద్ద ప్రమాదం. పెయిన్ కిల్లర్లు ఈరోజే ఆపించి, పారాసెటమాల్ వాడొచ్చేమో మీ డాక్టర్‌ను అడగండి. గుండెకు ఆస్పిరిన్ వాడుతుంటే మాత్రం సొంతంగా ఆపొద్దు.