పట్నంలో నీలం ఉండదు బిడ్డా

హన్మకొండ

బిడ్డా,

నీ వ్యాసం, దానితోపాటు పెట్టిన బొమ్మ ఫోటో అందాయి. నన్ను మేడమ్ అని రాశావు. పెద్దమ్మా అను, చాలు.

ఐనవోలు, అదే మన ఐలోని, మల్లన్న జాతరకు పోయి వచ్చాక అక్కడ చూసిన పట్నాన్ని, దేవుడి ముందు నేల మీద రంగు పొడులతో పోసే ఆ ముగ్గును, కాన్వాస్ మీద అక్రిలిక్ రంగులతో వేసి, ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకున్నానన్నావు. గుర్తుగా ఉంచుకోవాలనుకోవడం మంచిదే. కానీ ఆ పట్నం అడుగున నీలం ఎక్కడిది?

మల్లన్న కథ పాడే ఒగ్గు పూజారి పద్ధతిగా వేసే పట్నంలో పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుల పొడి, బొగ్గుపొడి ఉంటాయి. పసుపుపచ్చ, ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, నలుపు, అంతే. అన్నీ వంటింట్లోంచో చెట్టు మీంచో పొయ్యిలోంచో వచ్చినవే. సోఫా వెనక గోడకు బాగుంటుందని నువ్వు నీలం వేసుకుంటే నీ ఇల్లు, నీ ఇష్టం. నాకు కోపం వచ్చింది వ్యాసంలోనూ అదే పని చేసినందుకు. "మండపంలో రంగురంగుల ముగ్గు కనువిందు చేసింది" అని ఒక్క వాక్యం రాసి దాటేశావు. అసలు మీరు గుడికి పోయిందే పట్నం కోసం కదా! మీ నాయనమ్మ ఎన్నాళ్లుగానో మొక్కుకున్న మొక్కు అది. దానికి ఒక్క వాక్యమా?

ఆ తర్వాత పేరాలకు పేరాలు రామప్పను ఎత్తుకున్నావు. పాలంపేట శాసనం 1213 నాటిదని, గుడి కట్టించింది గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడని, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలుతాయని, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిందని. అన్నీ నిజాలే. గైడు ఎవరిని అడిగినా ఊపిరి తిప్పుకోకుండా చెబుతాడు. ఐలోనిలో కాకతీయుల తోరణాలు లేవా? రాతి స్తంభాలు లేవా? గొల్ల కేతమ్మను, బలిజ మేడలమ్మను చెరో పక్కన పెట్టుకున్న మల్లన్న అంత పెద్ద విగ్రహం నీ కళ్లముందే ఉంది. అయినా రామప్పను మోసుకొచ్చావంటే, చదివేవాళ్లు నీ వ్యాసాన్ని తేలిగ్గా తీసుకుంటారని భయపడ్డావు. రాతి మీద చెక్కితే కళ, నేల మీద పోస్తే ముగ్గు. ఈ లెక్క మన తలల్లోకి ఎట్లా ఎక్కిందో నాకు బాగా తెలుసు.

నేను రాయడం మొదలుపెట్టిన రోజుల్లో వరంగల్‌లో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేదాన్ని. సాయంత్రం ఇంటికి పోయి వంట చేసి, అందరూ పడుకున్నాక రాసుకునేదాన్ని. అట్లా పట్నం మీద ఒక పెద్ద వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. ఆదివారం అనుబంధంలో వేస్తారని ఆశ. వేశారు, మహిళల పేజీలో, ఆ వారం ముగ్గు పక్కన, సగానికి సగం కోసి. పూజారి నేల అలికించుకోవడం, పొడులు జల్లించుకోవడం, డోలు వాళ్ల కోసం ఎదురుచూడటం, అన్నీ ఎగిరిపోయాయి. బండారి అన్నచోటల్లా పసుపు చూర్ణం అని దిద్దారు. మా అమ్మ నాతో చదివించుకుని "ఇది యాడి జాతర?" అని అడిగింది. ఆ నెలలోనే అదే పత్రిక వేయిస్తంభాల గుడి మీద రెండు నిండు పేజీలు వేసింది. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయం గొప్పదనంతో నాకేం పేచీ లేదు. నా పేచీ ఆ పేజీల పంపకంతో.

తర్వాత ఇంకో గాలి వీచింది. జానపదం అంటే అందరికీ ఒక్కసారిగా మోజు పుట్టింది. ఒక సంపాదకుడు ఫోన్ చేసి "శివసత్తుల పూనకం మీద రాయండమ్మా, ఫోటోలు బాగా వస్తాయి" అన్నాడు. పట్నం వేసే చేతి గురించి రాస్తానంటే "అదెవరు చదువుతారు?" అన్నాడు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ మంటే.

అందుకే అలంకారం మీద ఎవరేం రాసి తెచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: నీ చేత్తో వేసి చూశావా? నువ్వు వేశానంటావు. ఫోన్‌లో ఫోటో తీసి, దాన్ని చూసి కుర్చీలో కూర్చుని బ్రష్‌తో వేశావు. పట్నం వేసేవాడు వంగి వేస్తాడు. వాడి నడుం నొప్పి నీ బొమ్మలోకి రాలేదు, నీ వ్యాసంలోకీ రాలేదు.

మా మేనమామ ఒక జాతరలో నాకు పూజారి పక్కన పొడుల పళ్లెం అందించే పని ఇప్పించాడు. పట్టుబట్టి అడిగి తీసుకున్న పని. ఆ పూజారి గుప్పిట నిండా పిండి తీసుకుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొంచెం సందు ఇచ్చేవాడు. మణికట్టు అసలు కదలదు. భుజం దగ్గర్నుంచి చెయ్యి మొత్తం వెనక్కి జరుగుతుంది, చేతి వెంట మనిషీ వెనక్కి జరుగుతాడు. నోట్లో మల్లన్న కథ నడుస్తూనే ఉంటుంది, పక్కన డోలు. డోలు ఆగితే చెయ్యీ ఆగేది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక నన్నొక గీత పొయ్యమన్నాడు. ఇంటిముందు సాన్పి చల్లి రోజూ ముగ్గు పెట్టే చెయ్యే నాది. అయినా అక్కడ పని వేరు. చెమట పట్టిన వేళ్లకు పిండి అంటుకుంటే గీత తెగుతుంది. "గీతను జూడకు, చెయ్యి పోయే దిక్కు జూడు" అన్నాడాయన. మధ్యలోంచి మొదలుపెట్టి అంచు చివర్న ఎందుకు పోస్తాడో, నడుం వంచి వెనక్కి జరుగుతున్నప్పుడు నాకు అర్థమైంది. ముందే అంచు మూసేస్తే లోపలున్న మనిషి గీత తొక్కకుండా బయటికి ఎట్లా వస్తాడు?

ఆ రాత్రి నేను రాసిన పేజీలో అందమైన, అద్భుతమైన, కమనీయమైన, ఇట్లాంటివి ఒక్కటీ లేవు. వాటి అవసరమే పడలేదు. చెయ్యి ఏం చేసిందో వరుసగా రాస్తే చాలింది. నీ వ్యాసంలో "అద్భుతం" ఎన్నిచోట్ల ఉందో ఎర్ర ఇంకుతో గీసి పంపుతున్నాను, చూసుకో.

రామప్పే రాయాలని నీకు అంత ఉంటే, ఇదే దారిన రాయి. ఆ గుడి మదనిక శిల్పం ఎత్తు మడమల చెప్పుల గురించి రాయనివాళ్లు లేరు. దాన్ని వదిలెయ్. ఆ నల్లరాతి నగల దగ్గర సూది దూరేంత సందులు ఉన్నాయి. అంత గట్టి రాయిలో ఉలి ఏ పక్క నుంచి దిగి ఉంటుందో ఆలోచించు. ఆలోచనకు అందకపోతే పెంబర్తికి పో. హైదరాబాద్ రోడ్డులో జనగామ దాటగానే వస్తుంది. ఇత్తడి రేకును లక్క మీద పరిచి ఉలితో కొట్టే విశ్వకర్మల పక్కన కాసేపు కూర్చో. గుడి తలుపులకూ రథాలకూ తొడిగే రేకు మీద లత ఎట్లా పైకి లేస్తుందో చూసి వచ్చాక మదనిక మొలనూలు ముందు మళ్లీ నిలబడు.

కథల పటాలు వేసే చేర్యాల కూడా చూడు. నకాశీ వాళ్లు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి ఆరబెట్టి, బొమ్మల వెనకంతా ఎరుపు నింపుతారు. ఘట్టానికీ ఘట్టానికీ నడుమ ఒక పూలతీగ పట్టీ వేస్తారు. కొన్నవాళ్లు అది అంచు డిజైన్ అనుకుంటారు. పటం విప్పుతూ కథ చెప్పేవాడికి అది ఒక ఘట్టం ముగిసిన గుర్తు. తీగ కనబడగానే పాట మారుస్తాడు. ఆ తీగ తీసేస్తే కథ కలగాపులగం అవుతుంది. అలంకారం అక్కడ ఏం పని చేస్తోందో కనిపెట్టకుండా దాని మీద ఒక్క అక్షరం కూడా రాయకు.

బోనం కుండకు మీ మేనత్త సున్నం బొట్లు పెట్టిన చోట బాగా రాశావు.

ఇంకొక చోట నేను ఆగిపోయాను. శివరాత్రి నాడు పెద్దపట్నం తొక్కడం అయ్యాక, జనం తోసుకుంటుంటే మీ నాయనమ్మ వంగి పిడికెడు పొడి తీసి కొంగున ముడేసుకుందని రాశావు. చదివి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. నువ్వేమో వెంటనే "తిరుగు ప్రయాణమయ్యాం" అని బస్సెక్కావు. ఇంటికి పోయాక ఆ ముడి ఎప్పుడు విప్పింది? ఎక్కడ దాచింది? మా నాయన ఆ పొడి చిటికెడు విత్తనాల బస్తాలో చల్లేవాడు. మా చిన్నమ్మ గొర్లకు రోగమొస్తే వాటి నొసటన పెట్టేది. మీ ఇంట్లో ఏం చేస్తారు? ఐదు రంగులూ కాళ్ల కింద కలిసిపోయాక ఆ పొడి ఏ రంగుకు తిరిగిందో చూశావా? పట్నాన్ని గుర్తుంచుకోవడానికి నువ్వు కాన్వాస్ కొన్నావు, ఆమె అందరూ తొక్కిన పొడిని తెచ్చుకుంది. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి. దీనికి ముందున్నదంతా కొట్టెయ్, నొప్పి అనిపించినా కొట్టెయ్.

పుస్తకం వేసుకోవాలా, ఏ పత్రికకు పంపాలి అని అడిగావు. అవి ఇప్పుడు కాదు. నాయనమ్మ మాటలు మన యాసలోనే ఉంచాలా అన్నావు కదా, ఉంచు. ఆమె బండారి అంటే బండారి, ఐలోని అంటే ఐలోని. ఎవరైనా దిద్దుతామంటే వ్యాసం వెనక్కి తీసుకో. నేను అప్పట్లో ఇల్లు గడవక తీసుకోలేకపోయాను. నీకు ఉద్యోగం ఉంది, ఆ ధైర్యం చెయ్యొచ్చు.

ఉగాది దాకా జాతర నడుస్తుంది. ఆదివారం పోకు, జనంలో ఏమీ కనబడదు. మామూలు రోజు పొద్దున్నే నాయనమ్మను తీసుకుని పో. ఫోన్ బ్యాగులో పెట్టు. పట్నం వేసే పూజారిని బతిమాలి ఒక గీత పొయ్యి. కుంకుమ కిలో ఎంతకు తెస్తున్నాడో, పట్నానికి ఎంత ముడుతుందో, అందులో డోలు వాళ్ల వాటా ఎంతో అడుగు, సిగ్గుపడకు, అదీ వ్యాసంలో రావాలి. మళ్లీ రాసింది కాగితం మీదే పంపు. ఫోన్ తెర మీద చదవడం నా కళ్ల వల్ల కావట్లేదు.

దీవెనలతో,
నీ పెద్దమ్మ