అల్లుడు గారి సంతకం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న ఫోనులో నీ గొంతు వింటే కోపం ఇంకా చల్లారలేదని తెలిసింది. నేను కన్నతల్లిని, విదేశంలో ఉన్న నా తమ్ముడి ఇంటికి నా కొడుకును తీసుకువెళ్ళడానికి మా ఆయన అనుమతి కాగితం ఇవ్వాలా అన్నావు. పక్కనుంచి అల్లుడు గారు, నేనెప్పుడు వద్దన్నాను అంటున్నారు. గవర్నర్‌పేటలో నోటరీ ప్లీడరు గారి దగ్గర ముప్పై ఏళ్ళు టైపు కొట్టినవాణ్ణి. ఇదే గొడవ నా బల్ల ముందు ఎన్ని జంటలు పడ్డాయో లెక్క లేదు.

ఆ కాగితం మీ ఇద్దరి మధ్య వ్యవహారం కాదమ్మా. జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ విమానాశ్రయంలో అద్దం వెనక కూర్చున్న అధికారికి మీరెవరో తెలియదు. పిల్లవాడితో వచ్చిన పెద్దవాళ్ళకు వాడి మీద హక్కు ఉందో లేదో చూడమని షెంజెన్ దేశాల, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల, సరిహద్దు నియమాల్లోనే ఉంది. మిర్చి సీజనులో యార్డు వదిలి అల్లుడు గారు రాలేరు, కనుక ఆయన మాట కాగితం మీద వస్తుంది. అంతకు మించి అందులో ఏమీ లేదు.

బాబు పాస్‌పోర్టుకు తల్లిదండ్రులుగా ఇద్దరం సంతకాలు పెట్టిన సమ్మతి ప్రకటన, అనెక్జర్-డి ఉంది, అది చాలదా అని ఆయన అడిగారట. చాలదు. అది పాస్‌పోర్టు ఇవ్వడానికి మాత్రమే. దానికి 2016 డిసెంబరు నుంచి నోటరీ కూడా అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. అయినా నోటరీ ముద్ర వేయమని వచ్చేవాళ్ళు వస్తూనే ఉన్నారు. ప్రయాణానికి ఇచ్చే సమ్మతి పత్రం వేరు. అన్నట్టు, ఆ పాస్‌పోర్టు గడువు చూశావా? పిల్లలకు ఐదేళ్ళకే ఇస్తారు. వాడి మొదటి పుట్టినరోజుకు ముందే తీయించినట్టు నాకు గుర్తు, ఇప్పుడు వాడికి ఐదు నిండాయి. మీరు తిరిగి బయలుదేరే తేదీ తరవాత కనీసం మూడు నెలలు గడువు మిగలాలి. ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది తీసి చూడు.

ఇక పేర్ల సంగతి. మన తెలుగువాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. నీ పాస్‌పోర్టులో మన ఇంటిపేరు ఉంది, బాబుకు వాళ్ళ నాన్న ఇంటిపేరు. మనకు ఇందులో వింత లేదు. జర్మనీ అధికారికి మాత్రం రెండు వేర్వేరు కుటుంబాలు కనిపిస్తాయి. ఆ రెంటినీ కలిపేది జనన ధ్రువపత్రం. గుంటూరు కార్పొరేషన్ ఇచ్చిన దానిలో మీ ఇద్దరి పేర్లూ పాస్‌పోర్టుల్లో ఉన్నట్టే ఉన్నాయా అని ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటీ వేలు పెట్టి చూడు. తేడా ఉంటే ఇప్పుడే దిద్దించు. వివాహ ధ్రువపత్రం కూడా సంచిలో వేసుకో.

నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. ఒకాయన కొడుకు ప్రోగ్రెస్ కార్డు తెచ్చి, పేరు ఇందులో చూసి కొట్టండి అన్నారు. కొట్టాను. కార్డులో ఇంటిపేరు ఒక అక్షరం, పక్కన చుక్క. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంది. హైదరాబాద్‌లో వీసా కౌంటరు దగ్గర కాగితం వెనక్కి ఇచ్చేశారు. ఆ తల్లి రాత్రి బస్సెక్కి, తెల్లవారి నేను బల్ల తుడవకముందే వచ్చి నిలబడింది. ఒక్క మాట అనలేదు. కాగితం నా ముందు పరిచి ఆ చుక్క మీద వేలు పెట్టింది. ఆ తరవాత పాస్‌పోర్టులు తెరిచి పక్కన పెట్టుకోకుండా నేను ఒక్క సమ్మతి పత్రమూ మొదలుపెట్టలేదు.

పత్రం ఇంగ్లీషులోనే కొడతాను, అల్లుడు గారికి తెలుగులో చదివి వినిపిస్తాను. ముగ్గురి పేర్లు, పాస్‌పోర్టు నంబర్లు, బాబు పుట్టిన తేదీ, మీ తమ్ముడి చిరునామా, అల్లుడు గారి ఫోను నంబరు ఉంటాయి. వెళ్ళే తేదీ, వచ్చే తేదీ తప్పనిసరి. ఎక్కడికైనా ఎప్పుడైనా అని రాయించుకుంటే మళ్ళీ మళ్ళీ పనికొస్తుందని కొందరి ఆశ. అలాంటిది చూస్తేనే అధికారికి అనుమానం పుడుతుంది. విమానం తప్పినా ఇబ్బంది లేకుండా వెనక ఒక వారం కలుపుతాను. అసలు ప్రతులు రెండు చేద్దాం, ఒకటి వీసా దరఖాస్తుతో పోతుంది, రెండోది నీ చేతిసంచిలో ఉండాలి. సామాను పెట్టెలో వేశావో, అది నీకంటే ముందు విమానమెక్కుతుంది, అడిగినప్పుడు నీ దగ్గర ఉండదు.

స్టాంపు కాగితం అల్లుడు గారి పేరిటే కొనాలి. కాగితం వెనక రాసిన పేరు, తేదీ నోటరీ చూస్తారు. కొన్న తేదీ సంతకం తేదీ కంటే తరవాతది కాకూడదు. సంతకం మాట మరీ మరీ చెబుతున్నాను. యార్డులో లెక్కల మీద ఆయన పొడి అక్షరాలు గిలికేస్తారు, పాస్‌పోర్టులో మాత్రం నిండుగా ఇంగ్లీషు సంతకం ఉంది. పత్రం మీదా అదే పడాలి, ఎందుకంటే ఆయన పాస్‌పోర్టు నకలు దానికి జతచేస్తాం.

అపోస్టిల్ కూడా చేయించాలని ఏజెంటు అన్నాడట. మన కాగితం పరాయి దేశంలో చెల్లేలా విదేశాంగ శాఖ వేసే ముద్ర అది. మన దేశం దానికి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందంలో 2005లో చేరింది, అవసరమైనచోట అది మంచిదే. వీసావాళ్ళ పత్రాల జాబితాలో ఉంటే చేయిద్దాం, లేకపోతే ఆ డబ్బు మీ తమ్ముడికి పచ్చళ్ళు కొనడానికి ఉంచు.

పిల్లతో విదేశం వెళ్ళాలంటున్న నీ స్నేహితురాలి సంగతి వేరు, ఆమెకు నా టైపు పని పనికిరాదు. భర్తతో పిల్ల గురించి కోర్టులో వ్యవహారం నడుస్తుంటే, ముందుగా ఆ కోర్టులోనే ప్రయాణానికి అనుమతి అడగమను. పిల్లలను దేశం దాటించిన కేసుల కోసం ఉన్న 1980 నాటి హేగ్ ఒప్పందంలో మనం లేము, కనుక దాని కింద పిల్లను వెనక్కి రప్పించే దారి లేదు. పిల్ల తిరిగి వస్తుందన్న భరోసా న్యాయమూర్తికి ఇవ్వాల్సింది ఆమే. తిరుగు టికెట్లు, హామీ పత్రం సిద్ధం చేసుకుని వకీలును కలవమను. భర్త సంతకం తానే పెట్టేస్తానన్న మాట మళ్ళీ అననివ్వకు.

గురువారం పదకొండు లోపు ఇద్దరూ వచ్చేయండి. ప్లీడరు గారు మధ్యాహ్నం కోర్టుకు వెళతారు. అల్లుడు గారి అసలు పాస్‌పోర్టు తెమ్మను, ఫోనులో ఫొటో చూపిస్తే కుదరదు. నోటరీ రిజిస్టరులో కూడా ఆయన సంతకం పెట్టాలి, కాబట్టి ఎవరినో పంపిస్తానంటే ఒప్పుకోకు. ఇంటి దగ్గరే సంతకం చేసి మాత్రం తీసుకురావద్దు.

మీ పెదనాన్న