'ఊగిసలాడటం' అంటే ఏమిటి? 'హెచ్చుతగ్గులు' అన్నా అదేనా?

అదే కాదండి. ఊగిసలాటకి రెండు కొసలుండాలి. హెచ్చుతగ్గులకి ఆ నియమం లేదు.

నేనొక దినపత్రికలో బిజినెస్ పేజీ చూసేవాణ్ణి. సాయంత్రం ఇంగ్లీషు వార్తలో 'ఫ్లక్చుయేట్' కనబడితే చాలు, డెస్కులో అందరూ 'ఊగిసలాడింది' అని రాసిపారేసేవారు. మా ఇన్‌ఛార్జి గారు పక్కన ఎర్ర పెన్నుతో ఒకటే అడిగేవారు: "ఏ రెంటి మధ్య?" సెన్సెక్స్ పొద్దున్నించీ కాసేపు లాభాల్లో, కాసేపు నష్టాల్లో తిరిగిందంటే ఆ మాట ఉంచేవారు. "రోగి రక్తపోటు ఊగిసలాడుతోంది" అని ఆరోగ్యం పేజీలో వస్తే కొట్టేసి, "బీపీ నిలకడగా లేదు" అని దిద్దారు. ఇంట్లో అయితే "బీపీ పడుతూ లేస్తూ ఉంది" అంటాం, అది ఇంకా బాగుంటుంది.

మాట పుట్టుక చూస్తే మొదట 'ఊగు', చివర 'ఆడు' ఉన్నాయి. ఈ 'ఆడు' చేరితే పని ఒక్కసారితో ఆగదు: కదలాడు, నడయాడు, వేలాడు. తమిళంలోనూ 'ఊసల్' అంటే ఊయల, 'ఊసలాడు' అంటే ఊగడం, మనసు ఎటూ తేలకపోవడం. ఇంగ్లీషు 'ఫ్లక్చుయేట్' మాత్రం లాటిన్‌లో అల అనే అర్థమున్న 'ఫ్లుక్టుస్' నుంచి వచ్చింది. అల ఎటు లేచినా అలే కాబట్టి దాన్ని ఏ మార్పుకైనా వాడుకుంటారు.

'హెచ్చుతగ్గులు' అనడానికి అసలు మార్పే ఉండక్కర్లేదు. "జీతాల్లో హెచ్చుతగ్గులున్నాయి" అంటే ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ అని. వోల్టేజీకి కూడా ఇదే మాట. కరెంటు ఊగిసలాడుతోందని ఎవరూ అనగా వినలేదు. 'ఒడుదొడుకులు' అంటే అందులో కష్టం కూడా ఉంటుంది, అందుకే జీవితానికి, వ్యాపారానికి అతుకుతుంది.

2023 జులైలో టమాటా కిలో వంద దాటిపోయి, సెప్టెంబరుకల్లా మళ్లీ నేలకి దిగింది. దాన్ని ఊగిసలాట అంటే నేను ఒప్పుకోను. ఎగబాకింది, కూలిపోయింది, అంతే. నెల రోజులపాటు ఇరవైకీ ముప్ఫైకీ మధ్య తిరిగి ఉంటే అప్పుడు ఊగిసలాడినట్టు.

మనుషుల విషయంలో ఇంకో తిరకాసుంది. పార్టీ మారాలా వద్దా అని తేల్చుకోలేక నలిగిపోయే నాయకుడు ఊగిసలాడుతున్నట్టు. ఎటు లాభమో లెక్కేసుకుంటూ కూర్చున్నవాడు గోడ మీద పిల్లి. ఎన్నికల ముందు వార్తల్లో ఇద్దరికీ ఒకే మాట వాడేస్తుంటారు, రెండో రకాన్ని మరీ మర్యాదగా చూపించినట్టుంటుంది నాకు.