నల్గొండలో చావింటికి ఆన్‌లైన్‌లో పూలు పంపొచ్చా?

మీరు అడిగింది ఇది: "మా చిన్ననాటి దోస్తు వాళ్ల నాన్న నల్గొండలో పోయారు. నేను డాలస్‌లో ఉన్నాను, రాలేను. ఆన్‌లైన్‌లో పూలు పంపితే బాగుంటుందా? అక్కడ మంచి పూలషాపు ఏదైనా చెప్పగలరా?"

పంపకండి. ముందు మీ దోస్తుకు ఫోన్ చేయండి. మెసేజ్ కాదు, ఫోన్. ఆయన ఎత్తకపోతే వాళ్ల బావకో, చిన్నాన్నకో చేయండి. చావింట్లో ఫోన్లు ఎత్తే మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు, సాధారణంగా ఆ ఇంటి అల్లుడే అయి ఉంటాడు.

ఒకసారి నేనూ ఇట్లాగే పంపాను. ఆ సంగతి మొత్తం చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

మాకు హైస్కూల్లో లెక్కలు చెప్పిన సారు పోయారు. ఆయన కొడుకు నా క్లాస్‌మేట్, ఇప్పటికీ దోస్తు. తెల్లారుజామున నాలుగింటికి ప్రాణం పోయిందని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆరింటికి లేచి చూస్తే అరవైకి పైగా "ఓం శాంతి"లు, చేతులు జోడించిన బొమ్మలు. ఒక్కడు కూడా "ఎప్పుడు లేపుతున్నరు?" అని అడగలేదు. నల్గొండలో చావు కబురు వినగానే అడగాల్సిన మొదటి మాట అది. ఎవరి కోసం ఆపుతున్నారు, ఎన్నింటికి లేపుతారు, మనం అందుకోగలమా లేదా, ఇవన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే తేలిపోతాయి. నేనూ అడగలేదు, దాచుకునేదేం లేదు.

అప్పుడు నేను పుణెలో ఉన్నాను. అక్కడి నుంచి హైదరాబాదే 550 కిలోమీటర్ల పైన, ఆపైన నల్గొండకు ఇంకో 100. అందుకోలేనని నాకు నేనే తీర్పు చెప్పుకుని యాప్ తెరిచాను. పుట్టినరోజుకు, పెళ్లిరోజుకు, త్వరగా కోలుకోవడానికి, చిట్టచివర సానుభూతికి, వేటికి అవి విడివిడిగా పూలు. సానుభూతి నొక్కి తెల్ల లిల్లీల గుత్తి ఎంచుకున్నాను. డెలివరీతో కలిపి 1,450 రూపాయలు. డబ్బు కట్టగానే నా మనసు తేలికపడింది. ఇప్పుడు ఆలోచిస్తే నాకు సిగ్గనిపించేది ఆ తేలికపడటమే.

ఇక్కడ లిల్లీ గురించి ఒక మాట. మన బజార్లో లిల్లీ అంటే నేలసంపెంగ, దండల్లో కుచ్చే తెల్లటి మొగ్గలు. యాప్‌లో లిల్లీ అంటే బాకా ఆకారంలో ఉండే పెద్ద పువ్వు. ఆ రెండూ వేరువేరు పూలు. ఆర్డరు అందుకున్న స్థానిక షాపులో బాకా లిల్లీలు లేవు, నేలసంపెంగ పంపాలని వాళ్లకు తట్టలేదు. ఉన్నవాటితో కట్టి పంపారు. నారింజ రంగు జెర్బెరాలు, ఎర్ర గులాబీలు, చుట్టూ మెరిసే కవరు, పైన రిబ్బను. మధ్యలో పుల్లకు గుచ్చిన చిన్న అట్టముక్క, దాని మీద "విత్ లవ్" అని గుండె బొమ్మ.

ఆ సీను నాకు తర్వాత మా దోస్తు చెప్పాడు. వాకిట్లో షామియానా, కింద ఫ్రీజర్ పెట్టెలో సారు. కరీంనగర్ నుంచి బిడ్డ రావాలని ఒంటిగంటకు పెట్టుకున్నారు. మా దోస్తు అప్పుడే తలస్నానం చేసి తడిబట్టలతో నిలబడ్డాడు. డప్పులవాళ్లు డప్పులు కాపుకుంటున్నారు. సరిగ్గా అప్పుడు బైకు దిగి ఒక పిల్లగాడు ఆ గుత్తి పట్టుకుని లోపలికొచ్చాడు. ఇరవై ఏళ్లు ఉంటాయేమో. శవాన్ని చూసి అక్కడే ఆగిపోయి, పక్కనున్న బావను మెల్లగా అడిగాడట:

"అన్నా, ఓటీపీ చెప్తరా?"

ఓటీపీ వచ్చింది నా ఫోనుకు. నా ఫోను పుణెలో, మీటింగు టేబుల్ మీద, సైలెంట్‌లో, బోర్లా పడి ఉంది. బయటికొచ్చి చూసుకుంటే పద్నాలుగు మిస్డ్ కాల్స్, పదకొండు ఆ పిల్లగాడివి, మూడు బావవి. అంతసేపూ ఆ అబ్బాయి కదల్లేదు. నంబరు కొట్టకపోతే డెలివరీ పడదు, పడకపోతే ఆ డబ్బు అతని లెక్కలోంచి కోస్తారు. చావింట్లో గొడవ పడలేడు, వదిలేసి పోలేడు. ఎవరో కుర్చీ వేశారు, ఎవరో టీ ఇచ్చారు. గుత్తిని ఒళ్లో పెట్టుకుని, తలకాయ దించుకుని, దగ్గరి చుట్టంలా కూర్చున్నాడు. కొత్తగా వచ్చిన ఆడవాళ్లు కొందరు అతన్ని చూసి కూడా ఏడ్చారట.

సారు భార్యకు ఆ గుత్తి ఏం చేయాలో తెలియలేదు. దండైతే మెడలో వేస్తారు, విడిపూలైతే కాళ్ల దగ్గర పోస్తారు. కవరు చుట్టిన గుత్తిని ఎక్కడ పెట్టాలి? ఫ్రీజర్ మీద పెడితే జారుతోంది. చివరికి గోడ పక్కనున్న సారు పాత స్కూటర్ సీటు మీద పెట్టారు. మూడోరోజు పిట్టకు పెట్టి వచ్చేసరికి వీధిలో మేక గులాబీలు తినేసి జెర్బెరాలు వదిలేసిందట.

ఇంకోటి చెప్పాలి. ఈ సారు సెప్టెంబర్ 5 వస్తే మమ్మల్ని దండ కొననిచ్చేవారు కాదు. "దండ పైసలతోని గ్రాఫ్ పుస్తకాలు కొనుక్కోండిరా" అనేవారు. అలాంటి మనిషికి నేను పంపింది గుండె బొమ్మ.

పాడె లేచినప్పుడు ఆ డెలివరీ పిల్లగాడు చెప్పులు విడిచి, హెల్మెట్ బైకుకు తగిలించి, వీధి చివరి దాకా పాడె వెంట నడిచాడట. భుజం మార్చుకునే చోట ఒకసారి పట్టాడట కూడా. ఈ మాట విన్నాక 1,450లో నాకు గిట్టుబాటైంది ఇదొక్కటే అనిపించింది.

పదకొండో రోజుకు నేను వెళ్లాను. పొద్దున ఆరింటికి గడియారం సెంటర్ దగ్గర దిగి, నడుచుకుంటూ ప్రకాశం బజార్‌కు పోయాను. అక్కడ మేం చిన్నప్పటి నుంచి చాచా అని పిలిచే పూలాయన ఉన్నాడు. షాపంటే అద్దాలు, ఏసీ ఊహించుకోకండి. గోనెసంచి పరుచుకుని కూర్చుంటాడు, ముందు తడిగుడ్డ కప్పిన గంప, పక్కన నీళ్ల బకెట్. కాలి బొటనవేలికి దారం చుట్టుకుని, మాట్లాడుతూనే కడుతుంటాడు. వేళ్ల వైపు చూడనే చూడడు. ఆయనకు సరుకు గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి తెల్లారేసరికి దిగుతుంది.

సారు ఫోటోకు దండ కావాలన్నాను. తలెత్తి నన్ను చూసి, వరసగా ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఫోటో ఎన్ని జానలు? నిలువుదా అడ్డందా? గోడకు తగిలిస్తరా, కుర్చీల పెడ్తరా? చివరికి, "సారుకు అద్దాలుండె గద బేటా, దండ మొఖం మీదికి రావద్దు, కిందికి జార్చి కడ్త" అన్నాడు. యాప్ నన్ను పిన్‌కోడ్ అడిగింది, ఈయన కళ్లద్దాల సంగతి అడిగాడు. నా వాదన మొత్తం ఈ ఒక్క ముక్కలో ఉంది, మిగతాది చదవకపోయినా ఫరవాలేదు.

తెల్ల చామంతి, మధ్యమధ్యలో మరువం, దారం బదులు అరటి నార. గులాబీ రెక్కలు వద్దన్నాడు, మధ్యాహ్నానికి నల్లబడతాయట. 300 అన్నాడు. నేను అలవాటుకొద్దీ 250 అనబోతే చేత్తో ఆపాడు.

"పెండ్లి దండకు బేరమాడాలె, చావు దండకు ఆడొద్దు."

మారుమాట్లాడకుండా ఇచ్చేశాను. ఇది నిజంగా ఆచారమా, ఆయన వ్యాపార సూత్రమా అంటే, నేను ఆచారమనే నమ్ముతున్నాను.

ఈ చాచాయే లతీఫ్ సాహెబ్ గుట్ట ఉర్సుకు పూల చాదర్లు కడతాడు, నవంబర్ 2న సమాధుల పండుగకు బంతిపూలు కిలోల్లెక్కన అమ్ముతాడు, ఏప్రిల్ 14కు అంబేడ్కర్ విగ్రహానికి నిలువెత్తు దండ కడతాడు. ఏ ఇంట్లో ఎవరికి ఏ పువ్వు నడుస్తుందో ఆయనకు తెలిసినంత మన కులసంఘాల పెద్దలకు కూడా తెలియదు. ఆడమనిషి పోయిందంటే మొదట అడిగేది, "ముత్తైదువగ పోయిందా?" అని. అవునంటే దండతోపాటు తలలోకి మల్లెలు, కనకాంబరాలు విడిగా కట్టిస్తాడు.

మాటల్లో మాట, మూర సంగతి. మోచేయి నుంచి నడిమి వేలి కొస దాకా మూర అని మనందరికీ తెలుసు. ఇప్పుడు అమ్మేవాళ్లు చాలామంది మోచేయి దగ్గర కాకుండా ముంజేయి మధ్యలో మొదలుపెడుతున్నారు. పైగా దారం ఎక్కువ, పూలు తక్కువ. పూలకు పూలకు మధ్య ఇంకో పువ్వు పట్టేంత సందు. చాచా మాత్రం ఇప్పటికీ మోచేయి నుంచే కొలుస్తాడు. పొడుగు చేతులాయన.

ఫోటోలకు ప్లాస్టిక్ దండలు వేయడం ఇంకో దరిద్రం. ఒకసారి వేస్తే ఐదేళ్లు దాని మొహం ఎవరూ చూడరు, దుమ్ము పట్టి గులాబీలు బూడిద రంగుకు తిరిగినా. పూలదండ వాడిపోతుంది కాబట్టే మార్చాలి, మార్చడానికి ఫోటో ముందుకు పోవాలి, పోతే ఒక నిమిషం ఆ మనిషి గుర్తొస్తాడు. ఇక ఫ్లెక్సీల సంగతి చెప్పనే వద్దు. సారు శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీద సారు ఫోటో ఒకటి, కట్టించిన వాళ్ల ఫోటోలు తొమ్మిది. దారిన పోయేవాడికి వాళ్లలో ఎవరు పోయారో తెలిసే దారి లేదు.

మా వైపు పోయినవాళ్లకు, పూలకు ఉన్న లంకె ఈనాటిది కాదు. పెత్రమాస చూడండి. పొద్దున పెద్దల పేరు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇచ్చుకుంటాం. అదే రోజు సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. ఇదివరకు ఆ పూల కోసం పిల్లలం చెలకల వెంట పోయి తంగేడు, గునుగు తెంపుకొచ్చేవాళ్లం. ఇప్పుడు తంగేడు కట్ట కూడా గడియారం సెంటర్‌లో కొంటున్నారు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పం అయింది, కట్ట ధర కూడా ఆ హోదాకు తగ్గట్టే పెరిగింది. సరే, మీరు అడిగింది ఇది కాదు.

మీ సంగతికి వస్తాను. ఇంకా లేపలేదంటే, ఎన్నింటికి లేపుతారో వాళ్ల బావను అడగండి. దానికి రెండు గంటల ముందు దండ అక్కడ ఉండాలి. గుత్తి వద్దు, దండే చెప్పండి. చేమంతిదో, నేలసంపెంగదో. వాళ్లు క్రైస్తవులైతే సంగతి వేరు, పూలచక్రం చెప్పొచ్చు. పెళ్లిళ్ల ముహూర్తాలుంటే ధర డబులవుతుంది, ఆషాఢంలో అగ్గువ. ఇప్పటికే లేపేసి ఉంటే ఈరోజు పూలు వద్దేవద్దు. పదకొండో రోజు దాకా ఆగి ఫోటోకు దండ పంపండి. ఆ రోజుకు వచ్చే జనం తగ్గిపోయి ఉంటారు, ఎవరు పంపారో ఇంట్లోవాళ్లకు గుర్తుంటుంది.

మరి ఎవరు తీసుకెళ్లి ఇస్తారు అంటారా? దినాలకు వెళ్లినప్పుడు, నా మిస్డ్ కాల్స్ లిస్టులోంచి ఆ డెలివరీ పిల్లగాడి నంబరు తీసి, సారీ చెప్దామని ఫోన్ చేశాను. మా దోస్తు నా చేతిలోంచి ఫోన్ గుంజుకుని భోజనానికి రమ్మన్నాడు. వచ్చాడు, తిన్నాడు, విస్తర్లు కూడా ఎత్తాడు. అప్పటి నుంచి నల్గొండలో తెలిసినవాళ్లు ఎవరు పోయినా నేను చాచాకు ఫోన్ చేసి దండ చెప్తాను, ఆ తమ్ముడు తీసుకెళ్లి, చెప్పులు విడిచి, నా పేరు చెప్పి వేసి వస్తాడు. పెట్రోలుకు, కష్టానికి కలిపి 200 పంపుతాను. ఇప్పటికి నాలుగైదు చావులకు వెళ్లాడు. నా ఫోన్‌లో అతని పేరు "ఓటీపీ తమ్ముడు" అనే ఉంది.

ఇద్దరినీ అడిగి, సరేనంటే వాళ్ల నంబర్లు మీకు మెసేజ్‌లో పంపుతాను. చాచాకు ఇండియా టైము ప్రకారం పొద్దున ఎనిమిది లోపు చేయండి. ఫోటో వాట్సాప్ చేస్తానంటే ఆయనకు రాదు, ఎన్ని జానలో మీ దోస్తు వాళ్లింట్లో కొలిపించి నోటితో చెప్పండి.