గోడౌన్, ట్రాలీల ఇన్సూరెన్స్: అడ్రస్ దగ్గర దెబ్బతిన్నవాడి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. చర్లపల్లిలో రేకుల షెడ్డు అద్దెకు తీసుకుని ప్లంబింగ్ సామాను హోల్‌సేల్ మొదలుపెట్టారు. రెండు టాటా ఏస్ ట్రాలీలు, కంపెనీ పేరు మీద ఒక కారు, ఆరుగురు పనివాళ్ళు ఉన్నారు. ఏజెంట్ ఒకాయన "అన్నీ కలిపి ఒకే ప్యాకేజీ సార్, ఏం జరిగినా కవర్ అవుతుంది" అంటున్నాడు, ఆన్‌లైన్‌లో చూస్తే అంతకంటే తక్కువకి కనబడుతోంది, ఏది తీసుకోవాలి అని.

ముందు ఆ "ఏం జరిగినా" అన్న మాట పక్కన పెట్టండి. ఏ పాలసీలోనూ అలాంటిది ఉండదు. షెడ్యూల్ అని మొదటి రెండు పేజీలు ఉంటాయి చూశారా, దాంట్లో రాసి ఉన్న చోట, రాసి ఉన్న సరుకుకి, రాసి ఉన్న కారణంతో నష్టం జరిగితేనే డబ్బులొస్తాయి. నేను ఇన్సూరెన్స్ మనిషిని కాదు, దాదాపు నాలుగు లక్షలు పోగొట్టుకుని ఇంత నేర్చుకున్నాను.

బేగంబజార్‌లో మాది పేపర్ ప్లేట్లు, గ్లాసులు, క్యాటరింగ్ వాళ్ళకి కావలసిన డిస్పోజబుల్ సామాను హోల్‌సేల్. 2020లో లాక్‌డౌన్ తర్వాత ఫంక్షన్లు లేవు, సరుకు కదలడం లేదు, మడిగె అద్దె మాత్రం ఆగదు. వెనక గది వదిలేసి, మా బావకి తెలిసినాయన రామంతాపూర్‌లో సెల్లార్ తక్కువకి ఇస్తానంటే జులైలో సరుకంతా అక్కడికి మార్చాం. అక్టోబర్ 13 రాత్రి కురిసిన వాన మీకూ గుర్తుండే ఉంటుంది, ఘట్‌కేసర్ వైపు ఒక్కరోజులో 32 సెంటీమీటర్లు పడింది. మర్నాడు మధ్యాహ్నం దాటాక గానీ ఆ వీధిలోకి వెళ్ళలేకపోయాను. షట్టర్ మీద బురద గీత నా నడుము దాకా ఉంది. లోపల కార్టన్లు ఏడు వరసల ఎత్తున పేర్చి ఉండేవి. కింది నాలుగు వరసలు నాని మెత్తబడి, పై బరువుకి కుంగి, దొంతరలన్నీ ఒకదాని మీద ఒకటి ఒరిగిపోయి ఉన్నాయి. తడిసిన అట్ట వాసన, దాంతో కలిసి డ్రైనేజీ వాసన. పెట్టె ఎత్తబోతే ముద్దలాగా చేతిలోకి ఊడి వచ్చేస్తోంది.

నష్టం లెక్కగట్టడానికి ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్ మూడో రోజు వచ్చాడు. మర్యాదస్తుడే. ఒక్కో దొంతర దగ్గర ఆగి బొటనవేలితో కార్టన్ నొక్కి చూసి, తడిసినవి ఒకవైపు, పొడివి ఒకవైపు రాసుకుని, ఫోటోలు తీసి, చివర్లో పాలసీ కాపీ అడిగాడు. మాకు సరుకు మీద బ్యాంకు అప్పు, అదే సీసీ లిమిట్, ఉంది కాబట్టి ఆ పాలసీ బ్యాంకు వాళ్ళే చేయించి ఏటా ప్రీమియం అకౌంట్‌లోంచి కట్ చేసుకునేవాళ్ళు, నేను ఏనాడూ తెరిచి చదివింది లేదు. ఆయన కాగితం చూసి, బయటికెళ్ళి గేటు మీద ఇంటి నంబర్ చూసి వచ్చి, "సార్, ఈ అడ్రస్ దీంట్లో లేదు కదా" అన్నాడు. పాలసీలో ఉన్నది బేగంబజార్ మడిగె ఒక్కటే. రెండు నెలలకి క్లెయిమ్ ఇవ్వలేమని ఉత్తరం వచ్చింది. మూడు లక్షల ఎనభై వేల సరుకు. ఒక్క ఈమెయిల్ పెట్టి కొత్త అడ్రస్‌కి ఎండార్స్‌మెంట్, అంటే పాలసీలో మార్పు, రాయించుకుంటే అయిపోయే పని, జులైలో ఎవరికీ తట్టలేదు, నాకూ తట్టలేదు.

అదే సెల్లార్‌లో పక్క భాగం అద్దెకున్న ఫర్నిచర్ ఆయనది ఇంకో కథ. ఆయన అడ్రస్ సరిగ్గానే ఉంది, కానీ అప్పటి ఫైర్ పాలసీలో తుపాను, వరద భాగం తీసేయించుకుంటే ప్రీమియం కొంచెం తగ్గేది, ఆయన తీయించుకున్నాడు. ఆ రోజు ఇద్దరం మెట్ల మీద కూర్చుని టీ తాగాం.

ఇప్పుడు మీ షెడ్డు సంగతి. 2021 ఏప్రిల్ నుంచి చిన్న వ్యాపారాలకి పాత ఫైర్ పాలసీ పోయి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' వచ్చింది. ఒక చోట మీ ఆస్తి, సరుకు మొత్తం విలువ 5 కోట్ల లోపు ఉంటే అదే మీది. 5 నుంచి 50 కోట్ల దాకా అయితే 'భారత్ లఘు ఉద్యమ్ సురక్ష'. పేరు హిందీ అయినా అన్ని కంపెనీలూ ఇదే అమ్ముతాయి, ప్రధాన షరతులు అందరి దగ్గరా ఒకటే. నిప్పు, పిడుగు, భూకంపం, తుపాను, వరద, అల్లర్లు ఇందులోనే ఉంటాయి, మా ఫర్నిచర్ ఆయన చేసిన తప్పు ఇప్పుడు చేయడం కష్టం. కానీ మామూలు దొంగతనం ఇందులో లేదు. అగ్నిప్రమాదమో వరదో జరిగాక 7 రోజుల్లోపు ఆ ప్రమాదం కారణంగా సరుకు పోతే తప్ప ఇవ్వరు. మీది ఇత్తడి ట్యాపులు, ఫిట్టింగులు ఉండే సరుకు, చర్లపల్లిలో రాత్రిళ్ళు నిర్మానుష్యం, కాబట్టి బర్గ్లరీ పాలసీ విడిగా తీసుకోండి. అందులోనూ తాళం పగలగొట్టినట్టో రేకు కోసినట్టో గుర్తులు ఉండాలి; మీ పనివాడే రోజుకో పెట్టె చొప్పున పట్టుకెళ్తే అది బర్గ్లరీ కాదు, దానికి ఫిడెలిటీ గ్యారంటీ అని మరొకటి.

షెడ్డు అద్దెది కాబట్టి గోడలకీ రేకులకీ మీరు ప్రీమియం కట్టక్కర్లేదు, అది ఓనర్ పని. అయితే ఒకసారి అగ్రిమెంట్ చూసుకోండి, "బిల్డింగ్‌కి నష్టం జరిగితే కిరాయిదారుదే బాధ్యత" అని ఒక లైను కొందరు ఇరికిస్తారు. మీరు డబ్బు పెట్టి వేయించిన ర్యాకులు, ఏసీ, క్యాబిన్, సీసీ కెమెరాలు మాత్రం రాయించండి.

సరుకు విలువ దగ్గరే అందరూ కక్కుర్తి పడతారు. గోడౌన్‌లో 20 లక్షల సరుకు ఉండి 10 లక్షలకే ఇన్సూరెన్స్ చేయిస్తే, 4 లక్షలు నష్టం వచ్చినప్పుడు 4 లక్షలు ఇవ్వరు, సగానికి చేశారు కాబట్టి సగం, అంటే 2 లక్షలే ఇస్తారు. "నష్టం 10 లక్షల లోపే కదా సార్" అని వాదించినా లాభం లేదు. సూక్ష్మ పాలసీలో తేడా 15 శాతం లోపు ఉంటే పట్టించుకోరు, అంతకు మించితే లెక్క లెక్కే. సీజన్‌లో సరుకు ఎంత పెరుగుతుందో ఆ పై అంకె చెప్పండి. ఇంకోటి, ఇది మా ఆడిటర్ చెప్తే తెలిసింది: పాడైపోయిన, పోయిన సరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ జీఎస్టీ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టి తర్వాత మినహాయించుకున్న పన్ను, వెనక్కి కట్టాలి, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5)లో ఉంది. అంటే సరుకుతో పాటు పన్నూ పోతుంది. అందుకని విలువ జీఎస్టీతో కలిపి రాయించండి, అలా రాసినట్టు షెడ్యూల్‌లో కనబడాలి.

రేపు సీజన్‌లో పక్క షెడ్డు కూడా తాత్కాలికంగా తీసుకుంటారేమో, అప్పుడు ఫ్లోటర్ అడగండి, రెండు అడ్రస్‌లూ ఒకే మొత్తం కింద వస్తాయి. రెండో అడ్రస్ మాత్రం ముందే రాసి ఉండాలి. సెల్లార్ అయితే కొన్ని కంపెనీలు అసలు ఒప్పుకోవు, కొన్ని సరుకు నేలకి ఇంత ఎత్తున పెట్టాలని షరతు రాస్తాయి. ఇన్సూరెన్స్ మాట అటుంచి, అసలు అడ్వాన్స్ ఇచ్చే ముందే పక్క షెడ్డు వాచ్‌మన్‌నో అక్కడి హమాలీలనో 2020లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయని అడిగితే వేలు పెట్టి చూపిస్తారు. నేను ఇప్పుడు ఏ గోడౌన్‌కి వెళ్ళినా గోడ మీద పాత నీటి గీత కోసమే చూస్తున్నాను, మా ఆవిడ నవ్వుతుంది.

ఇక బళ్ళు. థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్ళకి జరిగే నష్టానికి కట్టే ప్రీమియం, ప్రభుత్వం నిర్ణయించేది, ఏ కంపెనీలోనైనా ఒకటే. ఏస్ లాంటి 7,500 కిలోల లోపు గూడ్స్ బండికి 2022 జూన్‌లో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి 16,049 రూపాయలు, పన్ను కాకుండా. "మా దగ్గర థర్డ్ పార్టీ కూడా తక్కువ" అని ఎవరన్నా అంటే ఆ మనిషిని నమ్మకండి. బేరం ఆడగలిగేది ఓన్ డ్యామేజ్, అంటే మన బండికే జరిగే నష్టం, దాని మీదే. బండి విలువ, అదే ఐడీవీ, తగ్గించి ప్రీమియం తక్కువ చూపించడం ఆన్‌లైన్‌లో మామూలు. కొటేషన్లు పోల్చేటప్పుడు రెండిట్లోనూ ఐడీవీ ఒకటే ఉందో లేదో చూడండి.

ఐఎంటీ 23 అన్న మాట గుర్తు పెట్టుకోండి. కమర్షియల్ బండికి ఓన్ డ్యామేజ్ తీసుకున్నా లైట్లు, బంపర్, మడ్‌గార్డ్, బానెట్, పెయింట్, వీటికి మాత్రమే దెబ్బ తగిలితే మామూలుగా ఇవ్వరు. కొంచెం ఎక్కువ కట్టి ఐఎంటీ 23 రాయించుకుంటేనే ఇస్తారు. అఫ్జల్‌గంజ్ దగ్గర మా డ్రైవర్ ఏస్‌ని స్తంభానికి గుద్దాడు. హెడ్‌లైట్, బంపర్, పెయింట్ కలిపి 14 వేలు బిల్లు. "ఫుల్ ఇన్సూరెన్స్ ఉంది కదన్నా" అని వాడు ధీమాగా ఉన్నాడు. ఒక్క రూపాయి రాలేదు. ఏడాది పొడవునా ఈ బస్తీ సందుల్లో మన ట్రాలీలకి పగిలేవే అవి!

డ్రైవర్ గురించి రెండు మాటలు. పెయిడ్ డ్రైవర్ లీగల్ లయబిలిటీ అని తలకి 50 రూపాయల లెక్కన ఉంటుంది, అది వదలకండి. సరుకుతో పాటు వెనక కూర్చునే హమాలీలు ఎంతమందో కూడా రాయించండి. కంపెనీ పేరు మీదున్న బండికి ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ రాదు, లైసెన్స్ మనిషికి ఉంటుంది గానీ కంపెనీకి ఉండదు కదా. నడిపేవాళ్ళకి గ్రూప్ యాక్సిడెంట్ పాలసీ విడిగా తీసుకుంటే ఇంట్లో వాళ్ళకి కాస్త ధైర్యం. ఇక మామూలు ఎల్ఎంవీ (లైట్ మోటార్ వెహికల్) లైసెన్స్‌తో ఏస్ నడపొచ్చా అన్న గొడవ ఏళ్ళ తరబడి నడిచింది, 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 7,500 కిలోల లోపు ట్రాన్స్‌పోర్ట్ బండికి అది చాలు అని తేల్చేసింది. లైసెన్స్, ఫిట్‌నెస్ తేదీలు మాత్రం ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, క్లెయిమ్‌లో మొదట అడిగేవి అవే.

కారుకి వచ్చేసరికి, తెల్ల ప్లేట్ కారులో శాంపిల్స్, సొంత సామాను తప్ప సరుకు మోయకూడదని పాలసీలోనే రాసి ఉంటుంది. "నాలుగు పెట్టెలే కదా" అని డిక్కీలో వేసుకెళ్ళి గుద్దించుకుంటే మీ చేతులారా వాళ్ళకి సాకు ఇచ్చినట్టు. మన అండర్‌పాస్‌లు తెలుసు కాబట్టి కారుకి ఇంజిన్ ప్రొటెక్ట్, అంటే నీళ్ళు వెళ్ళి ఇంజిన్ పాడైతే ఇచ్చే కవర్, తీసుకోండి. నీళ్ళలో ఆగిపోతే మళ్ళీ సెల్ఫ్ కొట్టొద్దని డ్రైవర్‌కి ముందే చెప్పి ఉంచండి. బళ్ళలో వెళ్ళే సరుకు బండి పాలసీ కిందికీ రాదు, గోడౌన్ పాలసీ కిందికీ రాదు. దానికి ట్రాన్సిట్ పాలసీ కావాలి. ఊళ్ళోనే తిరిగే పైపులకి నేనైతే తీసుకోను, వరంగల్, నల్గొండ దాకా ఖరీదైన ఫిట్టింగులు పంపుతుంటే తీసుకుంటాను.

ఆన్‌లైనా, ఏజెంటా అంటే: కారు ఆన్‌లైన్‌లో చేసేయండి. గోడౌన్, ట్రాలీలు మాత్రం మనిషి ద్వారానే, అదీ ఏజెంట్ కంటే బ్రోకర్ అయితే మేలు, ఎందుకంటే ఏజెంట్ కంపెనీ తరఫు మనిషి, బ్రోకర్ చట్టప్రకారం మీ తరఫు మనిషి. తేడా వస్తే మొదట కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి, అంటే ఫిర్యాదుల విభాగానికి రాయాలి, తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ వాళ్ళ బీమా భరోసా పోర్టల్. వాళ్ళ ఆఫీసు మన ఊళ్ళోనే ఉందని అక్కడికి పరిగెత్తక్కర్లేదు. సోల్ ప్రొప్రైటర్, మైక్రో ఎంటర్‌ప్రైజ్ అయితే ఇన్సూరెన్స్ తగాదాలు తేల్చే అంబుడ్స్‌మన్ దగ్గరికీ వెళ్ళొచ్చు, లాయర్ అక్కర్లేదు. మైక్రో ఎంటర్‌ప్రైజ్ అని చూపించే ప్రభుత్వ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఈ వారమే చేయించుకోండి, ఉచితం.

మీ ఏజెంట్‌ని కొటేషన్ కాదు, పాలసీ వర్డింగ్ (షరతుల పూర్తి కాగితం), షెడ్యూల్ డ్రాఫ్ట్ రెండూ మెయిల్‌లో పంపమనండి. పంపితే పేర్లు, ఫోన్ నంబర్లు కొట్టేసి ఇక్కడ పెట్టండి, రాత్రి షాపు మూశాక చూసి చెప్తాను. పంపకుండా "మీరు టెన్షన్ పడకండి సార్, నేనున్నా కదా" అంటే ఇంకో మనిషిని వెతుక్కోండి.